కోరాపుట్ వస్తే సంత వారం చూసుకుని రండి

ఒడిశాలో మా కోరాపుట్ చుట్టుపక్కల తిరగడానికి వస్తామని ఫోన్ చేసే చుట్టాలను నేను ముందు అడిగేది ఒక్కటే: ఏ వారం నుంచి ఏ వారం వరకు ఉంటారు? హోటల్ సంగతి, బండి సంగతి తర్వాత. గురువారం, శుక్రవారం కలిసొచ్చేలా వస్తే ఈ కొండలు ఒకలా కనిపిస్తాయి. సోమవారం వచ్చి బుధవారం వెళ్లిపోతే ఇంకోలా కనిపిస్తాయి. జలపాతం ఏ రోజైనా అక్కడే ఉంటుంది. సంత వారానికి ఒక్కసారే.

మాది బట్టల కొట్టు. మా మామగారు బొబ్బిలి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఈ ప్రాంతంలో బేరాలన్నీ సంతలను బట్టే నడుస్తాయి. గురువారం ఒనకఢిల్లీ, శుక్రవారం కుందులి, బుధవారం రాయగడ దగ్గర చటికొన అని కాపురానికి వచ్చిన కొత్తలోనే మా అత్తగారు నాకు కంఠతా పట్టించారు. ఇంటికొచ్చే అన్నదమ్ములను, ఆడపడుచులను, వాళ్ల పిల్లలను తిప్పేటప్పుడు ఇప్పటికీ నాకు అదే క్యాలెండర్.

రెండో సంగతి, రోజుకు ఒక దిక్కే పెట్టుకోండి. కోరాపుట్ నడిమధ్యన ఉంటుంది. సాలూరు వైపు దిగే దారిలో సునాబెడ, సెమిలిగూడ, దేవమాలి. దక్షిణంగా నందపూర్, లమ్తాపుట్, మాచ్‌ఖండ్. పడమర ఘాట్ దిగితే జయపురం, అక్కడి నుంచి ఒక దారి కోట్‌పాడ్‌కు, ఇంకో దారి గుప్తేశ్వరానికి. మ్యాప్‌లో చూస్తే అన్నీ పక్కపక్కనే ఉన్నట్టుంటాయి. ఘాట్ రోడ్డు మీద యాభై కిలోమీటర్లంటే గంటన్నర పైనే వేసుకోవాలి. పొద్దున డుడుమ, మధ్యాహ్నం దేవమాలి అనుకున్నారంటే రోజంతా కారులోనే గడిచిపోతుంది, పిల్లలు వాంతులు చేసుకుంటారు.

రావడం, ఉండడం

విజయనగరం వైపు నుంచి కారులో అయితే సాలూరు దాటాక ఘాట్ మొదలవుతుంది. సుంకి, పొట్టంగి, సెమిలిగూడ, సునాబెడ మీదుగా కోరాపుట్. విశాఖ నుంచి దాదాపు 200 కిలోమీటర్లు. రైల్లో రావాలంటే విశాఖలో పొద్దున బయల్దేరే కిరండూల్ ప్యాసింజర్ ఉంది. అరకు దాకా కిటకిటలాడుతుంది, అరకులో సగం పెట్టె ఖాళీ అయిపోతుంది. అక్కడి నుంచి కోరాపుట్ దాకా కిటికీ పక్కన హాయిగా కూర్చోవచ్చు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960ల్లో వేసిన లైను ఇది, దారి పొడవునా సొరంగాలే. నడుం నొప్పి లేనివాళ్లు రైల్లోనే రండి.

బస కోరాపుట్‌లో పెట్టుకోవచ్చు, జయపురంలోనూ పెట్టుకోవచ్చు. జయపురంలో హోటళ్లు ఎక్కువ, తెలుగు భోజనం తేలిగ్గా దొరుకుతుంది. కాకపోతే జయపురం కింద ఉంటుంది, చలి అంతగా తెలియదు. కోరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది. డిసెంబరు, జనవరిల్లో తెల్లవారుజామున స్వెట్టరు, శాలువా రెండూ కావాలి. "అరకు చూశాంలే, మాకు చలి అలవాటే" అని పల్చటి చొక్కాలతో దిగేవాళ్లకు మా కొట్లోంచే ఉన్ని బట్టలు ఇచ్చి పంపిస్తుంటాను. దోమల మందు తెచ్చుకోండి, రాత్రిపూట దోమతెర ఉన్న గది అడగండి. ఈ జిల్లాలో మలేరియా భయం పాతదే.

బండి మాట్లాడుకునేటప్పుడు కిలోమీటరు లెక్కన కాకుండా రోజు మొత్తానికి మాట్లాడుకోండి. లేకపోతే డ్రైవరుకు తిరిగొచ్చే తొందర, మీకు మీటరు టెన్షన్. డ్రైవరుకు దేశియా వచ్చా అని తప్పకుండా అడగండి. ఇక్కడ పరజా, గదబ, కొంధ్, మాలి, రాణా, అందరూ ఒకరితో ఒకరు మాట్లాడుకునేది ఆ భాషే. మా కొట్లో గుమస్తా తెలుగువాడైనా పొద్దుటి నుంచి సాయంత్రం దాకా దేశియాలోనే బేరం చేస్తాడు. మీకు రాకపోయినా ఫరవాలేదు, "కేతే?" అని ధర అడగడం, వచ్చేటప్పుడు దండం పెట్టడం చాలు.

మొదటి రోజు ఊళ్లోనే

ప్రయాణం చేసి వచ్చిన రోజు దూరాలు పెట్టుకోవద్దు. ఊళ్లో కొండ మీద జగన్నాథస్వామి గుడి ఉంది, శబర శ్రీక్షేత్రం అంటారు. పూరీ గుడి అంత పాతది కాదు, 1972లో కట్టారు. జగన్నాథుడు మొదట శబరులు కొలిచిన నీలమాధవుడని కథ. ఆ దేవుడికి ఈ గిరిజనుల గడ్డ మీద గుడి కట్టి ఆ పేరు పెట్టడం నాకెంతో సరైన పని అనిపిస్తుంది. గుడి మెట్ల మీద నుంచి ఊరంతా కనిపిస్తుంది. మధ్యాహ్నం ప్రసాద భోజనం తినాలనుకుంటే పొద్దునే వెళ్లి అడిగి పెట్టుకోండి.

పక్కనే గిరిజన మ్యూజియం. దీన్ని చాలామంది పది నిమిషాల్లో చుట్టేసి వచ్చేస్తారు. దయచేసి గంట కేటాయించండి. రేపు సంతలో మీరు చూడబోయే నగలు, బుట్టలు, చేపల మావులు, బట్టలు ఎవరివి, దేనికి వాడతారు అన్నది ఇక్కడ తెలుస్తుంది. గదబ ఆడవాళ్లు కెరాంగ్ అనే మొక్క నారతో నేసే చారల బట్ట ఇక్కడ నిదానంగా చూడండి. ఊళ్లలో ఇప్పుడు దాన్ని రోజూ కట్టుకోవడం బాగా తగ్గిపోయింది. మా కొట్లోకి వచ్చే గదబ పిల్లలు పాలిస్టర్ చీరలే అడుగుతారు. ఆ నార బట్టను చేతితో తాకితే ఎంత మందంగా, గట్టిగా ఉంటుందో! కొన్నేళ్లు కడితే గానీ మెత్తబడదు.

సాయంత్రం కోలాబ్ డ్యామ్ వైపు వెళ్లిరండి, దగ్గరే. 320 మెగావాట్ల కరెంటు తీసే నీళ్లు ఇవి. ఈ నీళ్ల కింద ఊళ్లు మునిగాయి, ఆ ఊళ్లవాళ్ల పిల్లలు ఇప్పటికీ మా కొట్టుకు వస్తారు. ఇంకో విషయం తెలుగువాళ్లకు చెప్పాలి: ఇక్కడ కోలాబ్ అనే ఈ నది కిందికి దిగాక మన శబరి. కూనవరం దగ్గర గోదావరిలో కలిసేది ఇదే. మా ఆడపడుచు పిల్లలకు ఈ మాట చెబితే డ్యామ్ గట్టు మీద నిలబడి గోదారికి చేతులు ఊపారు.

శుక్రవారం: దేవమాలి, కుందులి

దేవమాలి ఒడిశాలో అన్నిటికంటే ఎత్తయిన శిఖరం, 1,672 మీటర్లు. దీన్ని ఎండెక్కాక చూడటం దండగ. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరి సూర్యోదయానికి పైన ఉండాలి. సెమిలిగూడ మీదుగా దారి, పైకి దాదాపు శిఖరం దాకా రోడ్డుంది, ముసలివాళ్లను కూడా తీసుకెళ్లొచ్చు. అక్టోబరు నుంచి జనవరి వరకు మబ్బు కింద లోయల్లో పడుకుని ఉంటుంది, మీరు పైన ఉంటారు. కొండల తలకాయలు మాత్రం అక్కడక్కడ బయటికి కనిపిస్తాయి. ఎండ తగలగానే మబ్బు కదలడం మొదలవుతుంది. ఆ కదలిక చూడటానికే రావాలి. అందరూ ఫోటో తీసుకుని వెంటనే కారెక్కేస్తారు, మీరు ఇంకో అరగంట ఆగండి.

పైన చెట్లు తక్కువ, గడ్డి మైదానమే. గాలి విపరీతం, చెవులకు గుడ్డ కట్టుకోండి. ఫ్లాస్కులో టీ, తినడానికి పులిహోర ఇంటి నుంచే తీసుకెళ్లండి. విస్తరాకులు, సీసాలు, చిప్స్ ప్యాకెట్లు మాత్రం తిరిగి బండిలో వేసుకుని కిందికి తెచ్చేయండి. పైన ఊడ్చేవాళ్లు ఎవరూ లేరు, గాలికి అవన్నీ కింది ఊళ్ల చేలల్లోకి పోతాయి. ఆవులు తింటాయి. ఈ విషయంలో మా ఇంటికొచ్చినవాళ్లను నేను గట్టిగానే మందలిస్తాను, పెద్దా చిన్నా చూడను.

దసరా దాటాక వస్తే దారి పక్క వాలుల మీద వలిసె పూలు ఉంటాయి. అరకులో ఈ పూల మడిలో నిలబడి ఫోటో దిగడానికి డబ్బులు అడుగుతున్నారని విన్నాను. ఇక్కడ ఇంకా అడగడం లేదు. అలాగని పంటలోకి దిగి తొక్కకండి. అది నూనె గింజ, ఆ ఇంటి ఏడాది ఖర్చు. గట్టు మీద నిలబడినా ఫోటో బాగానే వస్తుంది.

కొండ దిగి తొమ్మిది, పదింటికల్లా కుందులి సంతకు చేరుకోండి. ఈ వైపు సంతల్లో కూరగాయలకు ఇదే పెద్దది. అల్లం, క్యాబేజీ, టమాటా, చిక్కుళ్లు, చిలగడదుంపలు కావిళ్ల మీద, ఆటోల్లో, నెత్తి మీద గంపల్లో దిగుతుంటాయి. ఒక పక్క ఆంధ్రా నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన వ్యాపారుల లారీలు నిలబడి ఉంటాయి. మీరు విజయనగరం రైతుబజారులో కొన్న అల్లం ఇక్కడి నుంచి వెళ్లిందే కావచ్చు.

సంతలో ముందు ఒక చుట్టు ఊరికే తిరగండి, ఏమీ కొనకండి. కొండచీపుళ్లు, అడ్డాకుల విస్తర్లు, వెదురు కొమ్ములు, చింతపండు, ఎండు చేపలు, ఇనుప కత్తులు, మట్టి కుండలు, పొగాకు, ఒక్కోటి ఒక్కో వరుసలో ఉంటాయి. కల్లు, సారా అమ్మే వరుస ఒకటి వేరేగా ఉంటుంది, పిల్లలతో ఉన్నప్పుడు అటు వెళ్లకపోవడం మంచిది. తూకం లేనివాళ్లు కుప్పలు పోసి పెడతారు. కుప్ప ఇంత అని చెబుతారు. పోయినసారి నేను అల్లం కొన్న ముసలావిడ దగ్గర కూర్చుని చూశాను. ఒక్కో కొమ్ము ఎత్తి బొటనవేలితో మట్టి తుడిచి, పగుళ్లున్నది పక్కన పెట్టి, మంచివి ఏరి కుప్ప పేర్చింది. డబ్బు చేతిలో పడ్డాక పక్కన పెట్టిన దాంట్లోంచి ఒకటి తీసి కొసరు వేసింది. ఐదు రూపాయల కోసం ఇలాంటి ఆవిడతో గీచిగీచి బేరమాడకండి. ఆవిడ ఆ గంపతో కొండ దిగి వచ్చింది, సాయంత్రానికి ఉప్పు, కిరసనాయిలు, మనవడికి చొక్కా కొనుక్కుని మళ్లీ ఎక్కాలి.

కొనాల్సినవి చెబుతాను: అల్లం, పసుపు, చోళ్లు, సామలు, ఎండు మిరప. చోళ్లను ఇక్కడ మాండియా అంటారు. మన ఉత్తరాంధ్రవాళ్లకు చోడి అంబలి కొత్త కాదు కాబట్టి ఇష్టంగా పట్టుకెళ్తారు. బియ్యంలో కాలాజీరా అడగండి. జీలకర్రలా నల్లగా, సన్నగా ఉండే వడ్లు, వండితే వీధంతా వాసన. కోరాపుట్ కాలాజీరాకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. జయపురం దగ్గరి పత్రాపుట్ అనే ఊరి ఆవిడ, కమలా పూజారి, ఇలాంటి పాత వరి రకాలను ఇంటింటా అడిగి విత్తనం కట్టి కాపాడింది. 2019లో పద్మశ్రీ ఇచ్చారు, 2024లో కాలం చేసింది. ఈ జిల్లా సంప్రదాయ సేద్యాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2012లో ప్రపంచ వారసత్వ వ్యవసాయ విధానాల్లో చేర్చింది. అందులో ఇలాంటి ఆడవాళ్ల శ్రమ ఎంతో ఉంది. ఆ బియ్యం పాయసం చేసుకున్నప్పుడు ఆమె పేరు పిల్లలకు చెప్పండి.

గురువారం: నందపూర్, డుడుమ, ఒనకఢిల్లీ

ఇది పొడుగు రోజు. పొద్దున ఆరింటికి బయల్దేరాలి. బండిలో పెట్రోలు నిండుగా, జేబులో నగదు ఉండాలి. లమ్తాపుట్ దాటాక ఫోన్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, ఏటీఎంను నమ్ముకోవద్దు.

నందపూర్ ఇప్పుడు చిన్న ఊరు. జయపురం రాజుల వంశానికి మొదటి రాజధాని ఇదే, జయపురం తర్వాత కట్టుకున్నది. ముప్ఫై రెండు మెట్ల సింహాసనం అని ఒక రాతి కట్టడం మిగిలి ఉంది, బత్తిస సింహాసనం అంటారు. కోట, దర్బారు ఊహించుకుని వెళ్తే నిరాశ పడతారు. అరగంట చాలు. ఈ చుట్టుపక్కల సుబై అనే చోట పాత జైన గుళ్లున్నాయి, శిల్పాల మీద ఆసక్తి ఉన్నవాళ్లు దానికి వేరే రోజు పెట్టుకోండి, ఈ రోజులో ఇరికించకండి.

డుడుమ జలపాతం దాదాపు 175 మీటర్ల ఎత్తు. పడే నీళ్లు మత్స్యకుండ నదివి. ఒక ఒడ్డు ఒడిశా, ఇంకో ఒడ్డు మన అల్లూరి సీతారామరాజు జిల్లా. ఈ నదే కిందికి వెళ్లి సీలేరు అవుతుంది, తర్వాత శబరిలో, ఆపైన గోదావరిలో కలుస్తుంది. నీళ్లెప్పుడు ఎక్కువ ఉంటాయని అందరూ అడుగుతారు. పైన జోలాపుట్టు దగ్గర డ్యామ్ ఉంది, జలపాతానికి ముందే నీటిని మళ్లించి పవర్‌హౌస్‌కు పంపుతారు. అందుకని ఎండాకాలంలో వస్తే సన్నటి ధార కనిపించి "ఇంతేనా" అనిపిస్తుంది. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా అయితే మీద తుంపర పడుతుంది, మాట వినిపించదు. వానల్లో మబ్బు కమ్మేస్తే ఏమీ కనిపించదు కూడా, అప్పుడు తొందర పడకుండా వ్యూ పాయింట్ దగ్గర కాసేపు కూర్చోండి, మబ్బు విడుతుంది. అంచుల్లో రాళ్లు నాచు పట్టి ఉంటాయి, రెయిలింగ్ దాటొద్దు.

మాచ్‌ఖండ్ విద్యుత్ కేంద్రం ఆంధ్ర, ఒడిశా రెండు రాష్ట్రాలదీ. 1955లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. 120 మెగావాట్లు. లోయ అడుగున ఉన్న పవర్‌హౌస్‌కు కొండ వాలు మీద పట్టాల మీదుగా వించ్‌తో దిగుతారు. ప్రాజెక్టువాళ్ల అనుమతి ఉంటేనే లోపలికి పంపిస్తారు. మన ఊళ్లలో చాలామంది పెద్దవాళ్లు ఈ ప్రాజెక్టులో పనిచేసి ఉంటారు, మీ ఇంట్లో అడిగి చూడండి. మా పక్కింటి తాతగారు ఇక్కడే పనిచేశారు. ఆయన చెప్పిన రోడ్డు లేని రోజుల కబుర్లు విన్నాక ఈ దారి మీద నాకు గౌరవం పెరిగింది.

ఇక ఒనకఢిల్లీ సంత. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ప్రతి గురువారం బోండా కొండల నుంచి బోండా అనే గిరిజన తెగ ఆడవాళ్లు, మగవాళ్లు దిగి వస్తారు. ఆడవాళ్ల మెడ నిండా లోహపు కంటెలు, ఒంటి నిండా పూసల దండలు ఉంటాయి. నడుముకు తామే నేసుకున్న పొట్టి బట్ట. ఈ వేషం చూడటానికే కార్లలో చాలామంది వస్తారు. మొహం మీద ఫోన్ పెట్టి తీస్తారు, పది రూపాయల నోటు ఆడిస్తారు. నాకు ఒళ్లు మండే సంగతి ఇది. ఒకసారి మా కళ్ల ముందే ఒక బోండా అమ్మాయి గంప ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకుంది. గంపలో ఉన్న చింతకాయలు కింద పడ్డాయి. ఆ ఫోటో తీసినాయన నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. ఆమె ఒక్కొక్కటే ఏరుకుంది.

వాళ్ల ఫోటోలు, వీడియోలు తీయకూడదని నిబంధనలూ ఉన్నాయి. నిబంధన లేకపోయినా తీయకూడదు. మా ఇంటి నుంచి ఒనకఢిల్లీ వెళ్లే ఎవరినైనా ఫోన్లు బండిలోనే పెట్టమంటాను. చేతిలో ఫోన్ లేకపోతే మీరు మామూలు బేరగాళ్లు, వాళ్లు మామూలు అమ్మకందార్లు. అప్పుడు సంత సంతలాగే కనిపిస్తుంది. వాళ్లు తెచ్చిన పండో, కాయగూరో, చీపురో కొనండి. పూసల దండలు అమ్మకానికి పెడితే కొనండి, ఒంటి మీదున్నది ఇమ్మని అడగకండి. పిల్లలకు చాక్లెట్లు పంచకండి, అలా పంచే వాళ్ల వెంట పడటం పిల్లలకు అలవాటవుతోంది. సారా తాగి ఉన్నవాళ్లు ఎదురైతే పక్కకు తప్పుకోండి. మధ్యాహ్నం దాటితే అటువంటివి ఎక్కువ. కాబట్టి పొద్దుటి పూట సంత, ఆ తర్వాత డుడుమ అని పెట్టుకుంటే బాగుంటుంది. మూడింటికి తిరుగు ప్రయాణం కట్టండి, చీకటి పడే లోపు నందపూర్ దాటేయాలి.

జయపురం, కోట్‌పాడ్

జయపురంలో రాజుగారి కోట గోడలు, జగన్నాథ సాగరం చెరువు, భగవతి గుడి, రఘునాథస్వామి గుడి చూస్తారు. అవి పొద్దున్నే రెండు గంటల పని. ఈ ఊరు చూసేటప్పుడు తెలుగువాళ్లు గుర్తుంచుకోవాల్సిన ఒక పేరు ఉంది, మహారాజా విక్రమదేవ వర్మ. ఒడియాలోనూ తెలుగులోనూ పండితుడు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు, అక్కడి సైన్సు, టెక్నాలజీ కాలేజీకి ఆయన పేరే పెట్టారు. విశాఖ బీచ్ రోడ్డులో ఉన్న హవామహల్ కూడా జయపురం రాజులు కట్టించిందే. 1936లో ఒడిశా వేరే రాష్ట్రం అయ్యేదాకా ఈ ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖ జిల్లా ఏజెన్సీ. అందుకే బజారులో ఎటు తిరిగినా తెలుగు వినిపిస్తుంది.

కోట్‌పాడ్‌కు బొరిగుమ్మ మీదుగా జగదల్‌పూర్ రోడ్డు. దారి తిన్నగా, చదునుగా ఉంటుంది, ఘాట్ పడనివాళ్లకు హాయి. నేను బట్టలమ్మే మనిషిని కాబట్టి ఈ ఊరి గురించి మనసు పెట్టి చెబుతాను. ఇక్కడి మిర్గాన్ కులంవాళ్లు నేసే నూలు బట్టకు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రంగు మొత్తం ఆల్ అనే చెట్టు వేరు నుంచే, అది మన తొగరు జాతి చెట్టు. వేరు ఎండబెట్టి, దంచి, పొడి చేస్తారు. నూలును ముందు ఆముదం, బూడిద నీళ్లు, పేడ వీటితో మళ్లీ మళ్లీ తడిపి ఎండబెడతారు. రంగు పట్టడానికి నూలును సిద్ధం చేయడానికే రోజుల తరబడి పడుతుంది. ఆ తర్వాత వేరు పొడితో ఉడికిస్తే ముదురు ఎరుపు నుంచి గోధుమ వరకు వస్తుంది. అన్నభేది కలిపితే నలుపు. తెల్లని మూల నూలు, ఎరుపు, నలుపు, ఇంతే రంగులు.

ఒక ఇంటి వసారాలో రంగు వేసే ఆవిడ పక్కన కూర్చున్నప్పుడు ఆమె చేతుల వైపే చూశాను. గోళ్ల కింద, అరచేతి గీతల్లో ఎరుపు ఇంకిపోయి ఉంది. నూలు చిలుపను కుండలోంచి ఎత్తి పిండి, వెలుతురుకు పట్టి చూసి, తల అడ్డంగా ఊపి మళ్లీ లోపల వేసింది. నాకు అప్పటికే బాగుందనిపించిన రంగు అది. ఆమెకు మాత్రం ఇంకా దింపే రంగు రాలేదు.

అసలుదో నకిలీదో తేల్చుకోవడం ఎలాగో చెబుతాను. బట్ట విప్పి వెలుతురులో చూడండి. వేరు రంగులో దారానికి దారానికి కొద్దిగా తేడా ఉంటుంది, ఒకచోట లోతుగా, ఒకచోట పలుచగా. రసాయన రంగు అంతటా ఒక్కలా మెరుస్తుంది. కొత్త బట్ట ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆముదం, మట్టి కలిసిన వాసన ఉంటుంది. అంచులో, కొంగులో పీత, చేప, శంఖం, గొడ్డలి, పడవ, గుడి బొమ్మలు నేతలోనే ఉంటాయి. అచ్చు వేసినవైతే తిరగేస్తే తెలిసిపోతుంది. కొంటే నేసినవాళ్ల దగ్గరే కొనండి. ధర వినగానే ఎక్కువనిపిస్తుంది. నేత పని లెక్క తెలిసిన నేను ఆ ధరకు ఎదురు చెప్పను. చీర కొనలేకపోతే తువ్వాలో, శాలువానో తీసుకోండి. మొదటిసారి విడిగా ఉతికి నీడలో ఆరేయండి. ఈ ఊరి నేతకాడు గోవర్ధన్ పనికాకు 2018లో పద్మశ్రీ వచ్చింది. అయినా మగ్గం ముందు కూర్చునే కుర్రాళ్లు తగ్గుతున్నారు. మనం కొంటేనే వాళ్లు కూర్చుంటారు.

గుప్తేశ్వరం

జయపురం నుంచి బొయిపరిగూడ మీదుగా యాభై అయిదు, అరవై కిలోమీటర్లు, చివరంతా రామగిరి అడవి. సున్నపురాయి గుహలో శివలింగం. మెట్లకు రెండు పక్కలా సంపెంగ చెట్లున్నాయి, పూసే కాలంలో వెళ్తే ఎక్కడం తెలియదు. గుహ లోపల చీకటి, తడి, గబ్బిలాలు. టార్చి పట్టుకెళ్లండి, కాలు జారని చెప్పులతో మెట్ల దాకా వెళ్లి అక్కడ విడవండి. మోకాళ్ల నొప్పులవాళ్లు నిదానంగా ఎక్కి దిగడానికి టైం ఉంచుకోండి. ఊపిరాడనట్టు అనిపించేవాళ్లు గుహ నోటి దగ్గరే దండం పెట్టుకుని వచ్చేయవచ్చు.

దర్శనం అయ్యాక నది ఒడ్డుకు వెళ్లండి. అదే కోలాబ్, మొదటి రోజు డ్యామ్ దగ్గర చూసిన నీళ్లే. అవతలి ఒడ్డు ఛత్తీస్‌గఢ్. రాళ్ల మధ్య నీళ్లు అందంగా ఉంటాయి, లోతు మాత్రం తెలియదు, పిల్లలను చెయ్యి వదలకండి. ఈ అడవిని 2024లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు.

శివరాత్రికి, శ్రావణంలో కావడి భక్తులతో దారి నిండిపోతుంది. ఒడియావాళ్ల శ్రావణం మన శ్రావణం కంటే ముందే మొదలవుతుంది, మన పంచాంగం చూసుకుని "ఇంకా ఆషాఢమే కదా, ఖాళీగా ఉంటుంది" అని వస్తే లెక్క తప్పుతుంది. రద్దీ వద్దనుకుంటే నవంబరులో, డిసెంబరులో మామూలు రోజు రండి. దారిలో భోజనం దొరుకుతుందని నమ్మకండి. దద్ధోజనం, చపాతీలు కట్టుకుని వెళ్లండి, పెట్రోలు జయపురంలోనే పోయించుకోండి.

ఇంకొన్ని మాటలు

సునాబెడలో విమానాల ఇంజన్ల ఫ్యాక్టరీ, దమన్‌జోడిలో అల్యూమినా ఫ్యాక్టరీ ఉన్నాయి. లోపలికి మామూలుగా వెళ్లనివ్వరు, దారిలో దూరం నుంచి చూడటమే. కాఫీ ఇష్టమైనవాళ్లు కోరాపుట్ కాఫీ పొడి కొనుక్కోండి. జయపురం రాజుల కాలంలో, 1930ల్లో ఇక్కడ కాఫీ వేయడం మొదలైంది. నీడలో పెరిగిన కాఫీ, చేదు తక్కువ. మా ఇంట్లో ఇదే వాడతాం.

పెద్దవాళ్లతో వచ్చి మూడు రోజులే ఉంటే ఇలా చేయండి. బుధవారం మధ్యాహ్నానికి చేరి గుడి, మ్యూజియం, డ్యామ్. గురువారం పెద్దవాళ్లను ఇంట్లో ఉంచి మీరు ఒనకఢిల్లీ, డుడుమ వెళ్లిరండి, ఆ దూరం వాళ్లకు కష్టం. శుక్రవారం అందరూ కలిసి దేవమాలి, కుందులి. సంత అయ్యాక మళ్లీ కోరాపుట్ రానక్కర్లేదు, సామాను పొద్దునే బండిలో పెట్టుకుంటే అటు నుంచి అటే పొట్టంగి, సుంకి మీదుగా సాలూరు దిగిపోవచ్చు. ఇంకో రెండు రోజులుంటే జయపురంలో బస మార్చి కోట్‌పాడ్ ఒక రోజు, గుప్తేశ్వరం ఒక రోజు.

సుంకి ఘాట్ మాత్రం ఎండ ఉండగానే దిగండి. చలికాలంలో సాయంత్రం అయిదున్నరకే మంచు కమ్ముతుంది, ఎదురుగా లోడు లారీలు వస్తుంటాయి, మలుపుల్లో హారన్ కొట్టాల్సిందే. ఆలస్యమైతే సెమిలిగూడలోనో సునాబెడలోనో గది తీసుకుని పొద్దున బయల్దేరండి.